ఇద్దరు మనుషులు, ఒక్క కోయితా

రా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, ఎక్కడికీ పోదు. బోధన్ పిల్ల ప్రిస్కిల్లా ఇంగ్లీషు టీచరు ఎట్లా అయిందో నువ్వు వినాలి.

ప్రిస్కిల్లాది బోధన్‌లో రాకాసిపేట. తండ్రి జయరాజ్ ఆటో నడుపుతాడు. ఆ పిల్ల ఎమ్మే ఇంగ్లీషు చదివింది, బీఎడ్ చేసింది. చర్చిలో ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకుని కథ చెప్పిందంటే ఒక్కరూ కదలరు. అదే పిల్ల బడిలో బోర్డు ముందు నిలబడితే మాత్రం గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు అవుతుంది. పుస్తకంలో ఉన్న రూల్సన్నీ ఒక్క ఊపిరిలో అప్పజెప్పేసి, గంట కొట్టకముందే పాఠం అయిపోయిందని డస్టరు అందుకుంటుంది. నిజామాబాదులో మూడు బళ్లలో డెమో క్లాసు చెప్పింది. మూడు చోట్లా ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు.

నాలుగో బడి వాళ్లు శుక్రవారం రమ్మన్నారు. ఇదీ పోతే సికింద్రాబాదులో మేనత్త ఎస్తర్ ఇంట్లో ఉండి కాల్ సెంటర్‌లో చేరాలని ఇంట్లో మాట అయిపోయింది. చిన్నప్పటి నుంచి తలుపు మీద సుద్దముక్కతో రాస్తూ ఆడుకున్న పిల్ల ఆమె. చెవికి మైకు తగిలించుకుని కూర్చోవాలంటే ఆ వారమంతా అన్నం సహించలేదు.

బడి వాళ్లు ఇచ్చిన పాఠం కూడా తేలికైనదేమీ కాదు. ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ పొత్తు కుదర్చడం, అందులోనూ ఒక్కటో ఎక్కువో తెలియనివ్వని చిక్కు కర్తలు. గురువారం సాయంత్రం ప్రిస్కిల్లా తన నాయనమ్మ జ్ఞానమ్మను అరుగు మీద కూర్చోబెట్టింది.

"అవ్వా, నువ్వు తొమ్మిదో తరగతి పిల్లవు. నేను మేడంను."

"కానియ్యి మేడం. గని చిక్కుడుకాయ ఒలుచుకుంట ఇంట. కూరకు గావాలె."

"ఇంగ్లీషుల ఒక్కరుంటే ఈజ్, ఎక్కువమందుంటే ఆర్."

"మనకు గూడ గంతే గదనే. పిల్ల వచ్చింది, పిల్లలు వచ్చిండ్రు. గిది జెప్పెతందుకు ఎమ్మే సదివినవా?"

"ఆగు, చిక్కు ఇప్పుడొస్తది. ఈచ్ ఆఫ్ ద గర్ల్స్ హాజ్ ఎ పెన్. గర్ల్స్ అంటే ఎంతమంది?"

"శానమంది."

"గని హ్యావ్ అనొద్దు, హాజ్ అనాలె. ఒక్కరికి చెప్పినట్టే."

"ఎందుకట్ల?"

"రూలు."

జ్ఞానమ్మ చిక్కుడుకాయ ఈనె లాగి పడేసింది. "రూలంటె ఎవలింటరు బిడ్డా? నేను జెప్తె మీ నాయినే ఇనడు."

ప్రిస్కిల్లా పేజీ తిప్పింది. "బ్రెడ్ అండ్ బటర్ ఈజ్ మై బ్రేక్‌ఫాస్ట్. బ్రెడ్డు, వెన్న రెండు వస్తువులు. కలిపి తింటే ఒక్క తిండి. అందుకని ఈజ్."

"గిది మా కోయితా తీర్గనే ఉన్నది."

"అవ్వా, నీ చెరుకు ముచ్చట ఇప్పుడొద్దు. రేపే క్లాసు."

"సరె, నువ్వు నీ రూలు సదువుకో. నా ముచ్చట నేను చిక్కుడుకాయలకు జెప్పుకుంట."

చెప్పింది కూడా. చెరుకు నరికే వంపు కత్తిని కోయితా అంటారు. ఆ రోజుల్లో బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే. కోతలకు నాందేడ్ వైపు నుంచి గుంపులను తెచ్చే ముకద్దం, అంటే మేస్త్రీ, ఆత్మారాం. అతను మనుషులను లెక్కపెట్టడు, కోయితాలను లెక్కపెడతాడు. మొగుడు నరుకుతాడు, పెళ్లాం ఆకు దులిపి, కట్ట కట్టి, బండి దాకా మోస్తుంది. ఇద్దరూ కలిస్తే ఒక కోయితా. ఒక ఏడు జ్ఞానమ్మ మొగుడు కాలికి దెబ్బ తగిలి మంచాన పడితే, ఆమె ఒక్కతే తోటకు పోయింది. ఆత్మారాం చూసి "అర్ధా కోయితా" అన్నాడు.

"సగమట," అంది జ్ఞానమ్మ గిన్నెలోని కాయలతో. "రెండు కాళ్లున్నయ్, రెండు చేతులున్నయ్, నెత్తి మీద కొప్పున్నది. ఏడ తక్కువున్ననో సూపెట్టు, నన్ను నన్నుగ లెక్కవెట్టు అన్న. నవ్విండు గని రాసుకోలే. ఇగ జూడు, నా తీర్గనే ఒంటిగ వచ్చిన హన్మవ్వను పట్టుకున్న. ఆమె నరికింది, నేను కట్టిన. ఇద్దరాడోళ్లం ఒక్క కోయితా అయినం."

ఆ తర్వాత తోట ఆసామి నర్సన్న ఇచ్చిన బెల్లం ముద్ద దగ్గర పెద్ద కొట్లాట కూడా ఉంది. అప్పటికి ప్రిస్కిల్లా, చిన్నప్పటి నుంచి సగం సగం విన్నదే కదా అని, రెండు చెవులూ మూసుకుని రూల్సు వల్లె వేస్తోంది.

పొద్దున జ్ఞానమ్మ తెల్ల చీర కట్టుకుని గడపలో తయారుగా ఉంది. వద్దన్నా వినలేదు. ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్లు తీసుకున్నారు, బస్సులో దారి పొడుగునా జ్ఞానమ్మ ఏ తోట ఎవరిదో చెబుతూనే ఉంది. బడిలో హెడ్ మేడం పుష్పలత ఆమెకు వరండాలో కుర్చీ వేయించి, తాను తొమ్మిదో తరగతి చివరి బెంచీలో కూర్చుంది. కుర్చీ పక్కనే క్లాసు కిటికీ.

ప్రిస్కిల్లా మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో సగం పుస్తకం అప్పజెప్పేసింది. పిల్లలు నోటు పుస్తకాల మీద గీతలు గీసుకుంటున్నారు. అప్పుడు మూడో బెంచీ అమ్మాయి లేచింది.

"మేడం, మా సార్ టీమ్ ఈజ్ అని చెప్పిండు. పుస్తకంల ఒక కాడ టీమ్ ఆర్ అని ఉన్నది. ఏది రైటు?"

టీమ్ పక్కన ఏముండాలో చెప్పే రూలు ప్రిస్కిల్లాకు గుర్తు రాలేదు. చివరి బెంచీలో పుష్పలత పెన్ను మూత తీసింది. సికింద్రాబాదు కళ్ల ముందుకొచ్చి నిలబడింది. ప్రిస్కిల్లా కిటికీ వైపు చూసింది. అక్కడ తెల్ల కొంగు కనిపించింది.

"కోయితా అంటే ఎవరికి తెలుసు?" అంది.

వెనక ఇద్దరు చేతులెత్తారు. "చెరుకు కొట్టే కత్తి మేడం."

"మా అవ్వ చెరుకు కొట్టింది," అని సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆదివారం కథ చెప్పే గొంతు అది. ముకద్దం లెక్క చెప్పింది, ఇద్దరు కలిస్తే ఒక కోయితా అని చెప్పింది. "తోటల ఇద్దరు కలిసి ఒక్క పని చేస్తున్నప్పుడు వాళ్లు ఒక్కటే. టీమ్ ఈజ్ వర్కింగ్. కోతలైపోయినయ్, నర్సన్న కోయితాకు ఒక బెల్లం ముద్ద ఇచ్చిండు. అప్పుడు మా అవ్వ, మా తాత నాదంటే నాదని..."

"మీ తాత గాదే, హన్మవ్వ," అంది కిటికీ. "మీ తాతకు బెల్లమే పడది. నిన్న చెవులు మూసుకుంటివి గదా."

క్లాసంతా నవ్వింది. ప్రిస్కిల్లా కూడా నవ్వింది. నవ్వాక చూస్తే గొంతులో గుడ్డ లేదు.

"నువ్వే లోపలికొచ్చి చెప్పు అవ్వా."

"పాఠం నీది. తప్పు వోతే నేనున్న."

"సరే, హన్మవ్వ. బెల్లం కాడ ఒక్కరి మాట ఒక్కరికి పడలే. కోయితా రెండు ముక్కలైంది. ఎవరికి వాళ్లే. అప్పుడు టీమ్ ఆర్ క్వారెలింగ్ అనొచ్చు. మీ సార్ చెప్పింది రైటే, పుస్తకంల ఉన్నది రైటే. ఇప్పుడు ఈచ్ చూద్దాం. సగం కోయితా అన్నందుకు మా అవ్వ ముకద్దంను ఏమని అడిగిందో తెలుసా? నన్ను నన్నుగ లెక్కవెట్టు అన్నది. ఎంతమందిలో ఉన్నా ఒక్కొక్కరిని విడిగా లెక్కపెట్టేది ఈచ్."

ఆ తర్వాత పిల్లలే వాక్యాలు కట్టారు. ఒకడు వాళ్లింట్లో టీవీ రిమోటు కొట్లాట చెప్పి ఫ్యామిలీ ఆర్ అన్నాడు. ఇంకో పిల్ల, మా ఇల్లంతా అమ్మ మాటే, మాకెప్పుడూ ఫ్యామిలీ ఈజ్ అంది. గంట కొట్టేసరికి ఇంకా నాలుగు రూల్సు మిగిలిపోయాయి.

వరండాలో పుష్పలత అంది, "పాఠం పూర్తి కాలేదు కదమ్మా."

ప్రిస్కిల్లా పుస్తకం తెరిచి మిగిలిన పేజీ చూపించింది.

"సోమవారం వచ్చి మిగిలింది చెప్పు. తర్వాత ఆరు, ఏడు తరగతులు నీవి. మూడు నెలలు చూస్తాను, తొమ్మిది సంగతి అప్పుడు." అని జ్ఞానమ్మ వైపు తిరిగింది. "అవ్వా, ఆ బెల్లం చివరికి ఎవరు తీసుకున్నరు?"

"హన్మవ్వ బిడ్డ బాలింత ఉండె. అందుకని ఆమెకే ఇచ్చిన. తెల్లారి సగం కొట్టి మా ఇంటికి తెచ్చింది. నేనొద్దంటి. మళ్ల కొట్లాడినం."

పుష్పలత నవ్వి, "సోమవారం మీరు గూడ వస్తరా?" అంది.

"మేమిద్దరం ఒక్క కోయితానే గద మేడం."

"ఇక్కడ రాసుకునేది ఒక్క పేరే."

"రాసుకో. గని సగమని రాయకు."

గుర్తుపెట్టుకో ఈ ముచ్చట. రేపు నీ దగ్గర ఏ పిల్ల అయినా రూల్సు ముందేసుకుని ముఖం వేలాడదీస్తే పక్కన కూర్చుని చెప్పు. చెప్పేటప్పుడు బెల్లం కాడ మాత్రం తాతను తేకు, హన్మవ్వ పేరే చెప్పు.