గోడలో ఇరుక్కున్న గొంతు

పొలాల మధ్య ఆ ఇంట్లో దిగిన నాలుగో రోజు పొద్దున పాపకి గొంతు పోయింది. ఏడేళ్ల పిల్ల. పెదాలు కదుపుతోంది, మాట మాత్రం రావడం లేదు. డాక్టరు టార్చి వేసి చూసి, "గొంతు శుభ్రంగానే ఉందమ్మా, నాకేమీ అంతుపట్టడం లేదు" అని చేతులెత్తేశాడు.

ఇంటికి తిరిగొచ్చి గడపలో కాలు పెట్టారో లేదో, వంటింటి గోడలోంచి "అమ్మా, ఆకలి" అని వినబడింది. అచ్చం పాప గొంతే. పాపేమో తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నిలబడి ఉంది.

తండ్రి గడప దగ్గరే వెనక్కి తిరిగాడు. "సామాను కట్టెయ్. ఇప్పుడే పోదాం."

"దీని గొంతు ఇక్కడ వదిలేసి ఎక్కడికండీ పోయేది?" అంది తల్లి.

ఆవిడ తాపీమేస్త్రి. పదిహేనేళ్లుగా గోడలతోనే బతుకు. టేపు తీసి వంటింటిని లోపలా, బయటా కొలిచింది. మూడడుగుల తేడా వచ్చింది. గోడ వెనక ఇంకో గోడ, మధ్యలో ఖాళీ. సమ్మెట భుజాన వేసుకుని పెరట్లోకి నడిచింది.

మొదటి దెబ్బకి గోడ ఏడ్చింది. "అమ్మా, నొప్పి! కొట్టకే!"

ఆవిడ సమ్మెట దించింది. వెనక్కి తిరిగి చూసింది. తండ్రి పక్కన నిలబడి పాప, కొట్టు కొట్టు అన్నట్టు పిడికిలి ఊపుతోంది.

"నా కూతురు నా వెనకే ఉంది. నువ్వెవతివే?" అని రెండోది వేసింది.

ఎవరెవరి గొంతులతోనో గోడ బతిమాలింది, తిట్టిపోసింది. ఆవిడ ఆగలేదు. ఇటుకలు ఊడాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి దూకింది. తడి మసిలాంటిదేదో మూలకి ముడుచుకుని, బుసబుసమని ఎండిపోయి, బూడిదై రాలింది.

"అమ్మా, నీ జుట్టంతా సున్నమే!" అని అరిచింది పాప.

తల్లి సమ్మెట వదిలేసి పిల్లని ఎత్తుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీలేదు.

కాసేపటికి పక్క పొలం ముసలాయన రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే ఉన్నాడట, అరవై ఏళ్లుగా మూగవాడు.

"ఎవరు? గోడ ఎవరు కొట్టారు?" అన్నాడు.

తెల్లగడ్డం, ముడతల మొహం. గొంతు మాత్రం ఆరేళ్ల పిల్లాడిది.

"నేనే తాతా," అంది మేస్త్రి, ఛాతీ విరుచుకుని.

ఆయన పకపకా నవ్వాడు. పాప అంతకన్నా గట్టిగా నవ్వింది. ఇద్దరూ కలిసి పొలాలు దద్దరిల్లేలా కేకలు పెట్టారు.