బాలమురళి కంటే ముందొచ్చిన అడుగులు

2025 ఆగస్టు పదమూడో తేదీ, బుధవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్క్‌లోని శేషాచలంగారి ఇంట్లోకి బాలమురళి అడుగులు వచ్చాయి.

శ్యామసుందరి అప్పుడే స్నానం చేసి, తలకు తువ్వాలు చుట్టుకుని, దేవుడి అల్మరా ముందు కూర్చుని కుంది వెలిగిస్తోంది. శేషాచలం వంటింట్లో డికాషన్ వంచుకుంటూ, ఆఫీసుకి వెళ్లే ట్రైన్ టైముకు వస్తోందో లేదో ఫోన్లో చూసుకుంటున్నాడు. బయట కార్ల అద్దాల మీద మంచు పేరుకుని ఉంది. వీధి తలుపు వేసింది వేసినట్టే ఉంది కానీ, దాని వెనక చెక్కనేల ఒకసారి కిర్రుమంది. తర్వాత ఒక అడుగు, ఇంకో అడుగు. ఎడమకాలు కాస్త ఈడుస్తున్న నడక. చిన్నప్పుడు సైకిలుతో సహా పంటకాలవలో పడినందుకు మిగిలిపోయిన ఈడుపు అది. ఆ అడుగులు హాలు దాటి, సోఫా చుట్టూ తిరిగి, ఆవిడ వెనకాల వచ్చి ఆగాయి.

ఆవిడ వత్తి నిలదొక్కుకునేదాకా చూసి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు నోరు విప్పింది. "మా మురళి బయల్దేరాడండీ."

"అయితే రేపు రాత్రికి దిగుతాడు," అన్నాడు శేషాచలం. "అడుగులకి కాఫీ కలపక్కర్లేదు కదా?"

ఆవిడ నవ్వింది. ఆవిడ పుట్టింట్లో ఇది ఎప్పట్నుంచో ఉన్నదే. మనసంతా పెట్టుకుని బయల్దేరిన మనిషికి అడుగులు ముందు చేరతాయి, ఒళ్లు వెనకాల వస్తుంది. వాళ్ల నాన్నగారు రైల్వేలో గార్డు. ఆయన నిడదవోలులో బండి దిగేటప్పటికే ఆచంటలో అరుగు మీద బూట్ల చప్పుడయ్యేది. అమ్మ ఆ చప్పుడు విని పప్పు నానబోసేది. గారెలు వేగేవేళకి ఆయన గుమ్మంలో ఉండేవారు. ఇలాంటివన్నీ శ్యామసుందరికి పండగలతో, తిథులతో సహా గుర్తు. చుట్టాల్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆవిడకే ఫోను చేస్తారు. అడుగులు వచ్చి మనిషి రాకపోవడం మాత్రం ఆవిడ జ్ఞాపకంలో ఎక్కడా లేదు.

ఆ వచ్చే ఆదివారం వాళ్లమ్మాయి గీతిక పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపం దాకా మోసుకురావాలి. ఒకవైపు పట్టడానికి శ్యామసుందరి పెదనాన్నగారి అబ్బాయి ద్వారకానాథ్ ఆస్ట్రేలియాలోనే ఉన్న సన్నీబ్యాంక్ నుంచి వస్తున్నాడు. రెండోవైపు సొంత తమ్ముడు బాలమురళి. అక్కాతమ్ముళ్లు ఒకరినొకరు ఎదురుగా చూసుకుని పదకొండేళ్లయింది.

బాలమురళి లిస్బన్‌లో ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి, ఇప్పుడు ఆ వంటింటికే పెద్దయ్యాడు. పోర్చుగల్ పాస్‌పోర్టు వచ్చిన కొత్తలో మనిషి నేలమీద నిలిచేవాడు కాదు. నూట ఎనభై చిల్లర దేశాలకి వీసా అక్కర్లేదక్కా, టికెట్టు కొనుక్కుని వెళ్లిపోవడమే, అనేవాడు. జపాన్ నుంచి ఒక ఫోటో, బ్రెజిల్ నుంచి ఒక ఫోటో. ఆ తర్వాత అమ్మ పోయింది. ఇండియా పాస్‌పోర్టు అప్పటికే తిరిగి ఇచ్చేశాడు కాబట్టి పుట్టిన ఊరికి వీసా పెట్టుకోవలసి వచ్చింది. ఏదో కాగితం తక్కువైందని ఒకసారి, ఫోటో సరిగ్గా లేదని ఒకసారి వెనక్కి వచ్చింది. అతను ఆచంట చేరేసరికి పన్నెండో రోజు కూడా దాటిపోయింది, శ్యామసుందరి సిడ్నీ తిరిగి వచ్చేసింది. ఆ రోజుల్లో అతని అడుగులు కూడా ఆ ఇంటికి రాలేదు. బయల్దేరితే కదా రావడానికి. అప్పట్నుంచి అతను ఫోటోలు పంపడం మానేశాడు. అమ్మ ఆఖరి రోజుల గురించి ఒక్కసారీ అడగలేదు. ఫోన్లో చెప్పే మాటలు కావని ఆవిడా చెప్పలేదు.

అందుకే ఆస్ట్రేలియా విషయంలో ఆవిడ ముందే జాగ్రత్తపడింది. ఇక్కడికి పోర్చుగల్ వాళ్లకైనా ముందుగా అనుమతి ఉండాలి. ఆన్‌లైన్లో పెట్టుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, మూడు నెలలు ఉండొచ్చు. గీతిక దగ్గరుండి జనవరిలోనే పెట్టించింది, వచ్చేసింది కూడా. ఇక రావడమే తరువాయి అనుకుంటున్నప్పుడు, వరలక్ష్మీవ్రతం నాడు శ్యామసుందరి వీడియో కాల్ చేసింది. కొత్త బండికైనా, పిల్లల పుస్తకాలకైనా బొట్టు పెట్టకుండా వాడని ఇల్లు వాళ్లది.

"ప్రయాణం పెట్టుకున్నావు కదా నాన్నా, పాస్‌పోర్టు అమ్మవారి ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టు," అంది.

"ఎక్కడ పెట్టమంటావక్కా?"

తోరానికి ముడులు వేసుకుంటూ, చూడకుండానే, "నుదుటికి పెట్టరా, ఇంకెక్కడ పెడతారు," అంది.

అక్క మాట జవదాటే మనిషి కాదు. పాస్‌పోర్టు తెరిచి, అందులో తన ఫోటో నుదుటికి తడి పసుపు రాసి, కుంకుమ అద్ది, ఆరేదాకా అమ్మవారి ముందే ఉంచాడు. పసుపు ప్లాస్టిక్కుకి పడితే ఎక్కడికి పోతుంది? లిస్బన్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గరి అమ్మాయి ఆ పేజీని మెషీన్లో పెట్టింది, తుడిచి పెట్టింది, మళ్లీ పెట్టింది. చివరికి దీనితో ఎక్కనివ్వలేం, కొత్తది తీసుకోండి అంది. అక్కడే అర్జెంటుగా ఇచ్చే ఆఫీసు ఉంది. మర్నాడు కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చింది. దొరికిన టికెట్టు పట్టుకుని సింగపూర్ దాకా వచ్చాడు, అక్కడినుంచి సిడ్నీకి వేరే టికెట్టు కొన్నాడు. సింగపూర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి రానిచ్చారు. సిడ్నీ విమానం కౌంటర్ దగ్గర మాత్రం, మీకు అనుమతి లేదు, అన్నారు. ఉన్న అనుమతి పాత పాస్‌పోర్టు నంబరుకి ఉంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గీతిక లాప్‌టాప్ ముందు కూర్చుని కొత్త నంబరుతో మళ్లీ పెట్టింది. మామూలుగా తొందరగానే వస్తుందిట, ఒక్కోసారి ఆగుతుందిట. ఆగింది.

శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. పెళ్లిసందడి మధ్య బాలమురళి అడుగులు ఇల్లంతా తిరుగుతున్నాయి. పసుపు దంచే చోట కాసేపు, పూలబుట్టల దగ్గర కాసేపు నిలబడుతున్నాయి. నిలబడ్డచోట కార్పెట్ అణిగి ఉంటే పిల్లలు పక్కకు జరిగి వెళుతున్నారు. ద్వారకానాథ్ వచ్చీ రాగానే వాటికేసి చూసి, "ఏరా మురళీ, లోకమంతా గేట్లు తీయించుకుని చివరికి అక్క గేటు దగ్గర ఆగిపోయావా," అని వేళాకోళం చేశాడు. అడుగులు అక్కణ్ణించి కదిలి పెరట్లోకి వెళ్లిపోయాయి. శ్యామసుందరికి అన్నయ్య మీద కోపం వచ్చింది.

శనివారం సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. ఇక్కడ నేను నడుస్తుంటే చప్పుడు లేదక్కా, అన్నాడు. సింగపూర్ హోటల్లో వాళ్లు వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడుతున్నారుట. బొట్టు పెట్టమన్నది నేనే కదరా, అంది ఆవిడ. నువ్వు పెట్టమన్న బొట్టు మంచిదే, నేను పెట్టిన చోటు మంచిది కాదు, అని అతనే ఆవిణ్ణి నవ్వించబోయాడు.

గీతిక తల్లి భుజం మీద గడ్డం ఆనించి, "ఇట్స్ ఓకే అమ్మా. ఐ కెన్ జస్ట్ వాక్ టు ద మండపం," అంది.

"నడుచుకుంటూ వచ్చేదానివైతే నీకు మేనమామ ఎందుకమ్మా," అంది శ్యామసుందరి.

ఆదివారం ఉదయం మండపంలో అడ్డుతెర పట్టారు. పెళ్లికొడుకు దీక్షిత్ పీటల మీద కూర్చున్నాడు. పురోహితుడు ముహూర్తం దగ్గరపడింది, అమ్మాయిని తీసుకురండి, అన్నాడు. గంపలో బియ్యం పోసి గీతికని కూర్చోబెట్టారు. ద్వారకానాథ్ ఒకవైపు వంగి పట్టుకున్నాడు. రెండోవైపు ఎవరూ వెళ్లలేదు. వెళ్లడానికి శేషాచలం తమ్ముడు ఒక అడుగు వేస్తే, శ్యామసుందరి చేయి అడ్డం పెట్టింది.

నేల మీద ఎడమకాలి ఈడుపు వినపడింది. గంప రెండోవైపు కూడా లేచింది. ద్వారకానాథ్ పట్టుకున్న ఎత్తుకంటే కాస్త పైకే లేచింది. మేళం మొదలైంది. గంప ఒకవైపు వేగంగా, ఒకవైపు నెమ్మదిగా, చిన్న ఊపుతో మండపం దాకా వచ్చి, పీటల పక్కన చెక్కుచెదరకుండా దిగింది. పురోహితుడు అక్షతలు తీసుకుని ఇద్దరు మేనమామల మీదా చల్లాడు. ఒకవైపు చల్లినవి ద్వారకానాథ్ భుజాల మీద పడ్డాయి. ఇంకోవైపువి నేల మీద రెండు పాదాల చుట్టూ పడ్డాయి. ఆ కాసేపూ ఎవరూ అటు తొక్కలేదు.

సాయంత్రానికి ద్వారకానాథ్ తప్ప చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయింది. గీతిక, దీక్షిత్ దగ్గర్లోనే ఉన్న వియ్యపురాలి ఇంటికి వెళ్లారు. బాలమురళి నుంచి ఒక చిన్న మెసేజి వచ్చింది. పొద్దున్న సరిగ్గా ఆ వేళకి చేతుల మీద బరువు తెలిసిందనీ, ఇంకా భుజాలు లాగుతున్నాయనీ, సెలవు అయిపోయింది కాబట్టి లిస్బన్ వెళ్లిపోతున్నాననీ. శ్యామసుందరి అది రెండుసార్లు చదివి, దీపం పెట్టడానికి లేచింది.

అప్పుడు విన్నది ఆవిడ. అడుగులు హాల్లోంచి వీధి తలుపు వైపు వెళుతున్నాయి. గుమ్మం దాకా వెళ్లి, బయటి మెట్టు మీద ఆగాయి. ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. వచ్చిన అడుగులు తిరిగి వెళ్లడం వాళ్ల వంశంలో ఎవరూ చూసినది కాదు. శేషాచలం టీవీ ఆపేశాడు.

ఆవిడకి ఒక్కటే తోచింది. బుధవారం నుంచి ఈ ఇంట్లో తిరుగుతున్నవాడికి, మనిషి వచ్చాక చూద్దాంలే అనుకుని, కాళ్లకి నీళ్లే ఇవ్వలేదు. నీళ్లివ్వకపోతే వాడు వచ్చినట్టు ఎలా అనుకుంటాడు? ఉండమన్నట్టు ఎలా అవుతుంది?

లోపలికి వెళ్లి, ఇత్తడి చెంబుతో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, గుమ్మం ముందు వంగింది. "నడిచి నడిచి వచ్చావు నాన్నా," అంటూ మెట్టు మీద పోసింది. నీళ్లు రెండు పాదాల ఆకారం చుట్టూ చీలి కిందికి జారాయి. కాసేపటికి తడి అడుగులు ఇటు తిరిగాయి. గడప దాటి, చెక్కనేల మీద ఒక్కొక్కటే ముద్ర వేసుకుంటూ, హాల్లోకి వచ్చి నిలిచాయి.

ఫోను మోగింది.

"అక్కా, నువ్వేం చేశావు?"

"కాళ్లకి నీళ్లిచ్చాను."

అవతల ఎయిర్‌పోర్టు హోరు వినిపిస్తోంది. "లిస్బన్ విమానం లైన్లో ఉన్నాను. బూట్ల నిండా నీళ్లు. నేలంతా తడి అయింది, నా వెనకాలవాళ్లు జరిగి నిలబడ్డారు." బూట్లు విప్పుకుంటూ అన్నాడు, "వీసా వచ్చింది అక్కా. పొద్దున్న, తాళి కట్టిన కాసేపటికే వచ్చింది. నీకు చెప్పలేదు. అమ్మప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. అన్నీ అయిపోయాక వచ్చేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని రాను?"

"అయిపోయింది పెళ్లిరా. నేను అయిపోలేదుగా," అంది శ్యామసుందరి.

అతను లైన్లోంచి పక్కకు వచ్చాడు.

మర్నాడు ఉదయం శేషాచలం ఎయిర్‌పోర్టుకి వెళ్లి బావమరిదిని తీసుకొచ్చాడు. తడి బూట్లు చేతిలో పట్టుకుని, ఆ చలిలో ఉత్తకాళ్లతో దిగాడు బాలమురళి. కారు నుంచి మెట్టు దాకా అతని నడకకి చప్పుడు లేదు. గడప దాటాక ఉంది. జుట్టు ముందువైపు బాగా నెరిసింది. శ్యామసుందరి అతని చెంపలు నిమిరి, దేవుడి అల్మరా వైపు చేయి చూపించింది. దణ్ణం పెట్టుకుని వచ్చాడు. ద్వారకానాథ్ లేచి కౌగిలించుకున్నాడు. కబురు తెలిసి గీతిక, దీక్షిత్ వచ్చేశారు. శేషాచలం ఆఫీసుకి రానని ఫోను చేశాడు.

పెళ్లిలో మిగిలిన అరిటాకులు ఉన్నాయి కదా, వాటిలో ఉప్మా తిందాం, అన్నారు ఎవరో. వంట తన పని అని బాలమురళి చొక్కా చేతులు మడిచి, ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు. శ్యామసుందరి పక్కన పీట వేసుకుని కరివేపాకు దూస్తోంది. రెండు ఉల్లిపాయలు తరిగాక, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆఖరి రోజున అమ్మ ఏమైనా తిందా అక్కా?"

ఆవిడ స్టవ్ కట్టేసింది. ఆ రోజు పొద్దుటినుంచి, అంటే వేకువజామున అమ్మ పాలు అడిగిన దగ్గర్నుంచి, చెప్పడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు వచ్చి చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఆ ఇంట్లో ఆ రోజు ఉప్మా తినేసరికి మధ్యాహ్నం అయింది.