తలుపు ఉన్న వెర్షను

దయ్యాల వీడియో గేము టీవీకి తగిలించే పాత మిషన్లో బాగుంటుందా, కొత్తదాన్లోనా అన్న దగ్గర తారిక్‌కీ, వాళ్ళన్న కరిముల్లాకీ వారం నుంచి పడటం లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం వించిపేటలో ఇంట్లోనే గది తలుపేసుకుని, కిటికీలకి దుప్పట్లు కట్టి, తేల్చుకుందామని కూర్చున్నారు.

తారిక్ కొనుక్కున్న కొత్తదాన్లో దయ్యం పళ్ళ సందులు కూడా కనిపించాయి. కరిముల్లా ఆవలించాడు.

"ఇంత శుభ్రంగా కనబడితే భయమెందుకేస్తుందిరా? ఇప్పుడు నాది చూడు."

పాతదాన్లో మనుషులు అట్టపెట్టెల్లా ఉన్నారు. తారిక్ నవ్వబోయాడు. ఈలోగా గేములో గది మారే చోట తెరంతా నల్లబడి ఒక్క తలుపే మిగిలింది. మిషను మూలుగుతూ తర్వాతి గదిని లోడు చేసుకుంటుంటే, ఆ తలుపు కిర్రుమంటూ అంగుళం అంగుళం తెరుచుకుంటోంది. కొత్తదాన్లో ఈ తలుపే లేదు, గదిలోంచి గదిలోకి చక్కా పోవడమే.

తలుపు సగం తెరుచుకుందో లేదో కరెంటు పోయింది. ఆ చీకట్లో వీళ్ళ గది తలుపుని ఎవరో దబదబా తన్నారు.

అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు.

"టీ గ్లాసులతో చేతులు కాలిపోతున్నాయి, తలుపు తియ్యండ్రా" అంది బయట్నుంచి వాళ్ళమ్మ ఆమినాబీ.

తారిక్ అన్నని వదల్లేదు.

"ఉండమ్మీ, ఇంకా లోడవుతోంది."