విమానం ఆగదు, వార్తలు ఆగవు

మస్కట్‌లో దిగేసరికి సలాలా విమానానికి గంట మీద కొంచెం మిగిలింది. మామూలు మనిషికి అది చాలు. హిలాల్ పెదనాన్నను వెంటపెట్టుకున్న మనిషికి చాలదని జహ్రాన్‌కి జాంజిబార్‌లోనే తెలిసిపోయింది. అక్కడ విమానం మెట్ల దగ్గర ఆగి మరీ, మెట్లు తోసుకొచ్చినవాడి తండ్రి మోకాళ్ళ నొప్పి సంగతి కనుక్కున్నాడాయన.

జహ్రాన్‌ది సలాలా రేవులో ఏ ఓడ ఎప్పుడు ఒడ్డుకు రావాలో నిర్ణయించే ఉద్యోగం. ఓడలు అతని మాట వింటాయి, మనుషులే వినరు. పోయిన నెల ముసల్లం గారింటికి పిల్లనడగడానికి ఒంటరిగా వెళ్ళాడు. కూర్చోగానే ఆయన కాఫీ పోసి, "ఏమైనా వార్తలా, బాబూ?" అన్నాడు. దానికి "వార్తలేమీ లేవు, అంతా మంచే. మీ వైపు వార్తలేమిటి?" అనాలి. ఇల్లు తగలబడి వచ్చినవాడైనా ముందు ఆ మాటే అంటాడు. మంట సంగతి మూడో కప్పు దగ్గర గానీ ఎత్తడు. మన వీరుడు మొదటి కప్పుకే చాలని కప్పు ఊపి, గడియారం చూసుకుని, "ముజ్నాని నాకివ్వండి" అనేశాడు.

ముసల్లం కోప్పడలేదు. కూజాకు మూత పెట్టాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా? కూర్చోవడం తెలిసినవాణ్ణి తీసుకురా," అన్నాడు.

తండ్రి పోయిన జహ్రాన్‌కి మిగిలిన పెద్దదిక్కు జాంజిబార్‌లో లవంగాల తోట చూసుకుంటున్న ఈ పెదనాన్న ఒక్కడే. అందుకే వెళ్ళి పట్టుకొచ్చాడు. ముసల్లం ఇచ్చిన గడువు ఈ సాయంత్రం. రేపు ముజ్నా మేనత్త కొడుకు తరఫువాళ్ళు వస్తారు. వానల కాలం కదా, ఆ పచ్చదనం చూడ్డానికి దేశమంతా సలాలా మీదే పడింది, ఈ విమానం తప్పితే మరో సీటు లేదు. "నువ్వు రాకపోతే నేను ఏడవను, వచ్చి తంతాను," అని ముజ్నా ఫోనులో చెప్పింది. చెప్పి ఏడ్చింది.

పాస్‌పోర్టుల దగ్గర ఇద్దరి దారులూ వేరయ్యాయి. జహ్రాన్ సొంత దేశస్థుడు, యంత్రం ముందు మొహం పెట్టి ఇవతలికొచ్చేశాడు. పెదనాన్నది పరదేశపు పాస్‌పోర్టు. ఆయన్ని కిటికీ ముందు నిలబెట్టి, సలాలా బోర్డింగ్ కాగితం జేబులో కుక్కి, "అడిగినదానికే జవాబు చెప్పు పెదనాన్నా, నీకు దండం పెడతాను," అని బతిమాలి మరీ వచ్చాడు.

అద్దం అవతల్నుంచి అంతా వినబడుతూనే ఉంది.

"ఎందుకొచ్చారు, పెద్దాయనా?" అన్నాడు కిటికీలో కుర్రాడు.

"అదలా ఉంచు. ముందు నీ వార్తలేమిటి, నాయనా?"

"వార్తలేమీ లేవండి, అంతా మంచే. మీ వైపు?"

"మంచే. మీదే ఊరు?"

"ఇబ్రా అండి."

జహ్రాన్ నెత్తి కొట్టుకున్నాడు. జాంజిబార్ వలస పోకముందు పెదనాన్న పుట్టిందీ ఇబ్రాలోనే. ఇక ఆ కుర్రాడి ముత్తాత దగ్గర్నుంచి మొదలవుతుంది. అక్కడ కాలు కాలిన పిల్లిలా తిరిగేకంటే సామానన్నా తెచ్చుకుందామని బెల్టు దగ్గరికి పరిగెత్తాడు. రెండు టిక్కెట్లూ విడివిడిగా కొన్నవి, సామాను ఇక్కడ దించుకుని మళ్ళీ ఎక్కించుకోవాలి. సామానంటే ఒక లవంగాల బుట్ట. పిల్ల తల్లికి వట్టి చేతులతో ఎదురుపడనని పెదనాన్న పట్టుబట్టి తెచ్చింది. ఆ బుట్ట అన్ని పెట్టెలూ అయ్యాక, ఊరేగింపు చివర ముసలి గాడిదలా వచ్చింది.

దాన్ని చంకనెట్టుకుని వెనక్కి వస్తే కిటికీ దగ్గర పెదనాన్న లేడు. కుర్రాడూ లేడు. ఫోను చేస్తే పలకదు. విమానంలో ఆపమన్నారని ఆపాడాయన, దిగాక తెరవమని ఎవరూ చెప్పలేదు.

జహ్రాన్‌కి తన పెదనాన్న తెలుసు, లేదా తెలుసనుకున్నాడు. ఎక్కడో ఎవరినో పట్టుకుని ఒంటెల ధరలు మాట్లాడుతూ ఉంటాడని తీర్మానించాడు. నమాజు గదిలో చూశాడు. కాఫీ కొట్లన్నీ చూశాడు. తెల్లగడ్డం కనబడ్డ ప్రతి ముసలాయన భుజమూ పట్టి తిప్పాడు. తిప్పిన ప్రతివాడూ, "ఏమైనా వార్తలా, బాబూ?" అన్నాడు. "లేవు, లేవు!" అని అరుస్తూ పారిపోయాడు.

చివరికి దేశీయ విమానాల తనిఖీ దగ్గరికి చేరేసరికి బల్ల మీద పెదనాన్న ఫ్లాస్కు కనిపించింది. చుట్టూ కాపలావాళ్ళు చిన్న కప్పులతో నిలబడి ఉన్నారు.

"ఈ ఫ్లాస్కాయన ఏడీ?" అన్నాడు రొప్పుతూ.

"మీవాడా? కాఫీ లోపలికి తీసుకెళ్ళకూడదన్నాం. పారబోస్తే పాపమని అందరికీ పోసి వెళ్ళాడు. మహానుభావుడు."

"వెళ్ళాడా? ఎక్కడికి?"

"సలాలాకి! పాస్‌పోర్టు కుర్రాడు బండిలో కూర్చోబెట్టి తెచ్చాడు. 'మావాడికి తొందరెక్కువ, ఈపాటికి ఎక్కేసి ఉంటాడు' అన్నాడు మీ పెద్దాయన."

అప్పుడే పైనుంచి ప్రకటన వినిపించింది. సలాలా విమానం తలుపులు మూసేశారు.

జహ్రాన్ బుట్ట మీద కూలబడ్డాడు. నిమిషాల లెక్క తెలిసినవాడు విమానం తప్పాడు, లెక్కలేని మనిషి ఎక్కి కూర్చున్నాడు. నవ్వు రాలేదు. ముజ్నా మొహం కళ్ళ ముందు మెదిలి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

పొద్దు వాలాక కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"ఒరే జహ్రాన్, క్షేమమా?" పెదనాన్న గొంతు.

"క్షేమమే. పెదనాన్నా, ఏమన్నా..."

"ఏమైనా వార్తలా, నాయనా?"

జహ్రాన్ నాలిక చివర ఒక తిట్టు ఆగింది. ఈ ముసలాయన చెప్పాల్సింది ఒక్క ముక్క, ఔననో కాదనో! కళ్ళు మూసుకుని తిట్టు మింగేశాడు.

"వార్తలేమీ లేవు, అంతా మంచే. మీ వైపు వార్తలేమిటి?"

"ఏమీ లేవు. మంచే."

తర్వాత కాఫీ పోస్తున్న శబ్దం మాత్రం వినబడింది. జహ్రాన్ ఆగాడు. జన్మలో మొదటిసారి, గడియారం చూడకుండా ఆగాడు.

"మా వైపు వార్తలు నన్నడగవా, బాబూ?"

అది పెదనాన్న గొంతు కాదు. ముసల్లం గారిది. జహ్రాన్ బుట్ట మీంచి లేచి నిలబడ్డాడు.

"అడుగుతానండి. మీరు క్షేమమా? ఇంట్లో అందరూ క్షేమమా? కొండ మీద వాన పడుతోందా?"

"పడుతోంది. పచ్చిక మోకాలెత్తు లేచింది."

"మీ ఆవులు?"

"ఒకటి ఈనింది. పెయ్యదూడ."

దూడ రంగు అడిగాడు. తల్లికి పాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు. ముసల్లం ఓపిగ్గా చెప్పాడు. జహ్రాన్ ఓపిగ్గా విన్నాడు. అవతల ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

"మీ పెదనాన్న దారి పొడుగునా అందరినీ అడుగుతూ మా ఇల్లు చేరాడు, ఇంకా మూడో కప్పులో ఉన్నాడు," అన్నాడు ముసల్లం. "నువ్వుంటే మొదటి కప్పుకే లేపి తీసుకెళ్ళేవాడివి. ఆ లవంగాలు పట్టుకుని, సీటు దొరికినప్పుడే తీరిగ్గా రా. రేపు రావద్దని మా అక్కకి కబురు పెట్టేశాను."