పక్క సాలు

ప్రమోషన్ వద్దని కాగితం రాయడం నిరోషాకు ఇది రెండోసారి. మొదటిసారి రాసినప్పుడు కూతురు వర్షితకు నాలుగేళ్లు. ఇప్పుడు ఏడు. తాండూరు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా తొమ్మిదేళ్లు చేసింది. పుస్తకాన్ని గూట్లో నిలబెట్టి, రొట్టెలు కాలుస్తూ చదివి డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసయింది. తీరా సీనియర్ అసిస్టెంటు పోస్టు వికారాబాద్‌లో వచ్చింది. ఒప్పుకుంటే పొద్దున పిల్ల బడికి తయారు కాకముందే రైలుకు పోవాలి, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటుతుంది. వద్దంటే తన తర్వాత చేరినవాళ్లు ముందుకు పోతారు, రేపు వాళ్ల బల్ల ముందే ఫైలు పట్టుకుని నిలబడాలి.

"సోమవారం పదకొండు లోపల ఏదో ఒకటి రాసియ్యి నిరోషా. ఈసారి గూడ వద్దంటే నేనైతే నిన్నేమి అడగను," అంది సూపరింటెండెంట్ రెబెక్క మేడం. ఆ మాటలో కోపం లేదు. అందుకే నిరోషాను అది ఎక్కువ పొడిచింది.

భర్త చంద్రకాంత్ నాపరాయి పాలిష్ చేసే యూనిట్‌లో కోత మిషన్ మీద పని చేస్తాడు. అతణ్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. కానీ ఆ మాట అయ్యాక కూడా పిల్ల జడలు, అన్నం డబ్బా, బడి, హోంవర్కు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, నిరోషా ముందే. శనివారం సాయంత్రం ఆమె కాగితం రాసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

అత్త భాగమ్మను అడగాలని తోచక కాదు. భాగమ్మకు బొంరాస్‌పేటలో ఎకరంన్నర కంది చేను ఉంది. దాన్ని విడిచి ఎక్కడా రెండు రోజులు నిలవదు. అలాంటి మనిషిని తెచ్చి తాండూరు అద్దె గదుల్లో కూర్చోబెట్టడం న్యాయం కాదని నిరోషా అనుకుంది. అడగని మాటకు జవాబు కూడా తనే చెప్పేసుకుంది.

ఆదివారం ఆ చేనులో కలుపు ఉందంటే ముగ్గురూ కొడంగల్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో పోయారు. ఒకరి చేనుకు ఒకరు బదులుగా పనికి వచ్చే ఆడవాళ్లు. నిరోషాతో కలిపి పదకొండు మంది. చంద్రకాంత్ పిల్లతో చేను అంచున గెట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని ఫోను తీశాడు. నిరోషాకు ఒక పక్క సాలులో భాగమ్మ, ఇంకో పక్క పొరుగు చేను హన్మమ్మ.

డిగ్రీలో చేరినప్పటి నుంచి నిరోషా కొడవలి పట్టలేదు. సగం సాలు కాకముందే అరచేతిలో పొక్కు లేచింది. వెనకబడింది. చూస్తే హన్మమ్మ తన సాలు తీస్తూనే చెయ్యి చాపి నిరోషా సాలులో గరిక కూడా పీకుతోంది. ఇటు పక్క నుంచి భాగమ్మ కూడా అంతే.

"వద్దు హన్మమ్మత్తా. నా సాలు నేను తీసుకుంట."

"నీదే తియ్యి. నేనేమన్న ఇంటికి ఎత్కపోతున్ననా?"

"అది కాదు, నాకు మంచిగనిపిస్తలేదు. మీరు పోండ్రి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ముందుకు పోయారు. నిరోషా పట్టుదలగా ఒక్కతే సాలు ముగించి తలెత్తింది. గెట్టు మీద పది మందీ ఎండలో నిలబడి ఉన్నారు. ఎవరూ కొత్త సాలు పట్టలేదు.

"ఎందుకు నిలబడ్డరు? మీరు పట్టాల్సింది గదా."

"ఒక్కరు ఎన్కబడితే ముంగటి సాలు ఎవ్వరం పట్టం బిడ్డా," అంది హన్మమ్మ. "గంత సదువుకున్నవు, గింత మర్చిపోయినవా? నీ మర్యాదకు మా నెత్తులు మాడినయి."

అందరూ నవ్వారు. నిరోషా తల వంచుకుంది.

నీళ్లు తాగడానికి చెట్టు కింద చేరారు. బిస్కెట్ల కోసం అమ్మ బ్యాగు వెతుకుతున్న వర్షిత కాగితం బయటికి తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "కుటుంబ కారణాల వల్ల... ప్రమోషన్ తీసుకోలేనని... మనవి. మమ్మీ, కుటుంబ కారణాలంటే ఏంది?"

భాగమ్మ అడిగితే నిరోషా చెప్పక తప్పలేదు, మూడేళ్ల కిందటి కాగితం సంగతి కూడా.

భాగమ్మ నీళ్ల చెంబు కింద పెట్టింది. "వీడు పాలు తాగేటప్పుడు గిదే చెట్టుకు చీర ఉయ్యాల కట్టి కలుపు దీసిన. ఏడిస్తే లేశి పోయేదాన్ని. పాలిచ్చి వచ్చేసరికి నా సాలు గెట్టుకు చేరేది. పక్క సాళ్లోళ్లే గుంజుకపోయేటోళ్లు. నేను బతిమిలాడలే, వాళ్లు చెప్పుకోలే. నువ్వేమో ఇంట్ల మనిషికి గూడ చెప్పకపోతివి."

"మీకు చేనుండె గదా అత్తమ్మా."

"చేను యాడికి పోతది? ఐదు దినాలు మీ తాన ఉంట, శనివారం బస్సెక్కుత. పిల్లను బడి నుంచి తెస్త, ఇంత తినవెడ్త. లెక్కలు గిక్కలు నాతోని కాదు." అని కొడుకు వైపు తిరిగింది. "గిది ఒక్క పక్కనే. ఇంకో పక్క ఎవరురా?"

చంద్రకాంత్ ఫోను జేబులో పెట్టాడు. "నేను 'నీ ఇష్టం' అన్న గదనే అమ్మా."

"గెట్టు మీద కూసోని ఎవ్వరైనా అంటరు. పొద్దుగాల జడలెవరేస్తరు? నా వేళ్లు వంగుతలేవు."

"నాకు జడలు రావే."

"బండను నూలు తేడా లేకుంట కోస్తవట. పాపట తియ్యరాదా?"

తాగుతున్న నీళ్లు పొలమారి హన్మమ్మ దగ్గింది.

తర్వాతి సాలులో పక్క చేతులు వచ్చినప్పుడు నిరోషా వద్దనలేదు. అది తేలిగ్గా ఏమీ లేదు. వాళ్ల చెయ్యి కనిపించిన ప్రతిసారీ తన చెయ్యి దానంతట అదే తొందరపడేది. కానీ గెట్టుకు మాత్రం అందరూ ఒక్కసారే చేరారు.

సాయంత్రం భాగమ్మ చిన్న సంచితో వాళ్ల వెంట తాండూరు వచ్చింది.

సోమవారం పొద్దున చంద్రకాంత్ దువ్వెన పట్టి కూతురి వెనక కూర్చున్నాడు. చాలాసేపటి తర్వాత వర్షిత అద్దంలో చూసుకుంది.

"డాడీ, ఒక జడ వికారాబాద్ పోతున్నది, ఒక జడ తాండూరులనే ఉన్నది."

విప్పి మళ్లీ వేయాలని నిరోషా చేతులు లాగాయి. బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుని చెప్పులు తొడుక్కుంది.

పదిన్నరకు రెబెక్క మేడం చెయ్యి చాపింది. "తెచ్చినవా?"

"రాసిన మేడం. కాని ఇయ్యను. పోత అని రాసిస్త, తెల్ల కాగితమియ్యండి."

మేడం కాగితం ముందుకు జరిపింది. నిరోషా కలం మూత తీసిందో లేదో ఫోను మోగింది.

"పిల్ల డబ్బా ఇంట్లనే ఉన్నది," అన్నాడు చంద్రకాంత్. "అమ్మ ఇప్పుడే చూసి ఫోన్ చేసింది, ఆమెకు బడి ఇంక తెల్వదు. నేను యూనిట్ల ఉన్న."

బడి, ఆఫీసుకు వెనక వీధిలోనే. నిరోషా అప్పటికే సగం లేచింది. అలా ఒక చెయ్యి బల్ల మీద ఆనించి నిలబడింది. తర్వాత మెల్లగా కూర్చుంది.

"మీరే పోయి ఇచ్చి రాండి. లంచ్‌కు ఇంక టైమున్నది. గేటు కాడ పేరు, క్లాసు చెప్పాలె."

అవతల కోత మిషన్ చప్పుడు ఆగింది.

"సెకండ్ క్లాసే గదా. ఏ సెక్షన్ నిరోషా, ఏనా, బీనా?"

"బీ," అంది నిరోషా. ఫోను పక్కన పెట్టి, కాగితం మీద తేదీ వేసింది.