తోకిలుపే వదిన మోచేయి

నా భర్త పోయి ఏడాది నిండేనాటికి సమాధి మీద పరచవలసిన బెరడు బట్టను తానే కొడతానని తోకిలుపే వదిన మాటిచ్చింది. ఆవిడ ఆయనకు అక్క. మూడో నెలలో, చెట్టు బెరడును బట్టలా పలచగా సాగగొట్టే కొయ్య సుత్తి ఆవిడ చేతిలోంచి జారడం మొదలైంది. పడుకుంటే చేయంతా మంట.

మా దీవికి మూడు నెలలకొకసారి వచ్చే సర్జన్ హాస్లమ్ గారికి మా భాష రాదు. ఆ డాక్టరమ్మకు మా మాటలు ఆమె భాషలో అందించే నర్సు ఫెలేతి, మా వదినకు పిన్ని కొడుకు. మాలో పిన్ని కొడుకూ సొంత తమ్ముడే. తమ్ముడి ఎదుట అక్క తన ఒంటి మాట ఎత్తదు. వదిన తల వంచుకుని, మణికట్టు నొప్పి అని ఒక్క ముక్క చెప్పిందట. జాకెట్టు చెయ్యి పైకి మడవనివ్వలేదట. ఫెలేతి కూడా గోడవైపు చూస్తూనే ఆ ముక్క అందించాడట. మణికట్టుకు పట్టీ వేశారు. తగ్గకపోతే మళ్లీ వచ్చినప్పుడు అక్కడే కోస్తామన్నారు.

తగ్గలేదు. ఒకరోజు మా వంటింట్లో వదిన పొయ్యి మీది గిన్నె దించుతోంది. నాకు కాలిన వాసన వచ్చింది.

"వదినా, నీ చిటికెన వేలు కాలుతోంది."

"కాలనీ. చివరి రెండు వేళ్లూ నావి కావనుకుని చాన్నాళ్లయింది."

ఈ సంగతి డాక్టరుకు చెప్పావా అని అడిగాను.

"ఫెలేతి ముందరా? బళ్లో అరిచీ అరిచీ నీకు సిగ్గు పోయింది పిల్లా."

ఈసారి నేను వెంట వెళ్లాను. మాటలు నేనందిస్తానని చెప్పేసరికి ఫెలేతి, "బతికించావు వదినా" అని గబగబా బయటికి నడిచాడు.

వదిన జాకెట్టు చెయ్యి మడిచింది. డాక్టరు ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి, గట్టిగా పట్టుకోమని లాగితే ఇట్టే వచ్చేసింది. తర్వాత మోచేతి లోపలివైపు వేలితో తట్టింది. వదిన ఉలిక్కిపడి, చిటికెన వేల్లో మెరుపు పాకిందని చెప్పింది. నరం నలుగుతున్నది మోచేతి దగ్గర. మణికట్టు కోసినా లాభం ఉండేది కాదు. డాక్టరు కాగితం మీద మణికట్టు అన్న మాట కొట్టేసి మోచేయి అని రాసింది. ఇరవై ఏళ్లుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను. ఏ దిద్దుబాటూ నన్నింత సంతోషపెట్టలేదు.

చేతికి మాత్రమే మత్తిచ్చారు. నేను తలవైపు కూర్చున్నాను. బిగుసుకున్న పొర కింద నరం చదునుగా నలిగిపోయి ఉందని డాక్టరు చెబితే ఆ మాట అందించాను.

"నాకు తెలియకుండా నాలోపల బట్ట కొడుతున్నదెవరే?" అంది వదిన.

పొర కోసి, నరాన్ని ఎముక వెనకనుంచి ముందుకు జరిపారు. ఆ వారంలోనే రాత్రి మంట తగ్గింది. ఐదో వారంలో, చిటికెన వేలి మీద దోమ కుట్టిందని వదిన దోమను వీధంతా వినేలా తిట్టింది.

పదకొండో నెలలో ఒక ఉదయం, బడి ఎదుటి కొట్టంలో ఆడవాళ్లు దుంగ ముందు కూర్చుని బెరడు కొడుతున్నారు. ఆ చప్పుళ్లలో కొత్త సుత్తి చప్పుడొకటి వచ్చి చేరింది. నేను వాచకం మూసి పిల్లలను ఊరుకోమన్నాను. కాసేపటికి మిగతా సుత్తులన్నీ వదిన సుత్తి దెబ్బ వెనకే నడిచాయి.

బట్ట గడువుకు రెండు వారాల ముందే పూర్తయింది. సమాధి మీద పరిచాక వదిన వంగి, కాలిన మచ్చ ఉన్న ఆ వేలితో అంచు పొడవునా తడిమి చూసింది.

"నున్నగా వచ్చింది," అంది.