రెండో సీసా

మా తమ్ముడు ఓబన్న శెనక్కాయ కట్టె నింపిన బండి మీదినుంచి తలకిందులుగా పడ్డాడు. లేచి కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, నన్ను చూసి నవ్వాడు కూడా. పొద్దు వాలేసరికి మాట తడబడి, మత్తు కమ్మింది.

ఆ కరువు ఏళ్లలో నిడుగల్లు చుట్టుపట్ల ఏ జబ్బుకైనా మాకు తెలిసిన మందు గ్లూకోసే. అది పెట్టని డాక్టరును డాక్టరే కాదనేవాళ్లం. కాంపౌండర్ ఈరప్ప ఒక సీసా ఎక్కించి, "తల దెబ్బన్నా. బస్సుకు తుమకూరు తీసుకుపో" అన్నాడు. ఇంటికి పెద్దవాణ్ణి నేను. ఎవరైనా దారి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

"సత్తువ లేకుంటే దావలోనే పోతాడప్పా. ఇంకోటి ఎక్కియ్యి" అని గద్దించాను. రెండో సీసా అయ్యేసరికి ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

మర్నాడు తుమకూరులో పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"మెదడు వాచింది. పుర్రె సాగదు కదా, లోపల ఒత్తిడి పెరిగి రక్తం సరిగా పోవడం లేదు. రక్తం తెచ్చే ప్రాణవాయువుతోనే మెదడు కణాలు శక్తి చేసుకుంటాయి. శక్తి లేకపోతే లోపలికి చేరిన ఉప్పునీ నీళ్లనీ బయటికి తోడలేవు. ఇంకా వాస్తాయి. గ్లూకోసు ఎక్కించారా?"

"రెండు" అన్నాను, గొప్పగా.

ఆయన తల దించుకున్నాడు. "అందులో చక్కెర ఖర్చైపోతుంది. మిగిలే నీళ్లు మెదడుకు చేరి వాపును ఇంకా పెంచుతాయి."

 ఓబన్న మంచం దగ్గర వాడి పెళ్లాం హనుమక్క ఎదురుచూస్తోంది.

"ఈ సీసా గ్లూకోసు కాదంట బావా. ఉచ్చ పోయించేదంట, నర్సమ్మ చెప్పినాది. ఉన్న సత్తువా పోదా? నిన్న పోట్లాడి ఎక్కించినావు కదా, ఈడా అడుగు."

చూద్దామన్నాను. మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు ఇక దాచలేకపోయాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. "నా వల్లనే అమ్మా" అన్నాను. ఆమె ముఖం చూడటానికి భయమేసింది.

హనుమక్క మొగుడి కాళ్ల మీద దుప్పటి సర్దింది.

"అత్త అడిగితే, బండి మీదినుంచి పడినందుకే పోయినాడని చెప్పు. ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుంటే ఆమె తట్టుకోలేదు" అంది.

ఓబన్న ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు.